రెండు బళ్ళు, ఒక కాలర్ బోన్

గురువారం రాత్రి డ్యూటీ దిగి
గాలాలో రోణెల్ కొట్టుకు వెళ్ళాను.
గోడకు రెండు బళ్ళు ఆనించి ఉన్నాయి.

ఒకటి నల్లది. మస్కట్ వదిలిపోతున్న ఇంజనీరెవరో
అమ్మిపెట్టమన్న ట్రయథ్లాన్ బండి.
నిలబడి ఉన్నా పరిగెత్తుతున్నట్టే ఉంది.
దాని మీద మోచేతులు ఆన్చి, అరచేతులు ముందుకు చాచి
గాలిని అప్పు అడుగుతున్నట్టు వాలాలట.
రెండోది రోడ్ బైక్, వంకాయ రంగు.
పొట్టేలు కొమ్ముల్లాంటి హ్యాండిలు,
టేపు ఒకచోట ఊడింది,
ఎవరి చెమట మరకో ఇంకా వదల్లేదు.

"ఏది?" అన్నాడు రోణెల్.
నన్నడిగితే ఎలా?
మూడు నెలల కిందటి వరకు
నీళ్ళలో మొహం పెట్టడమే రాదు నాకు.
ఖురుమ్ బీచిలో నడుములోతున నిలబడి
ముక్కు మూసుకుని అంకెలు లెక్కపెట్టిన మనిషిని.
ఈత, సైకిలు, పరుగు మూడూ ఒకే పొద్దున చేస్తానని
నలభై ఒకటో ఏట ఫారం నింపి,
పన్నెండు రియాళ్ళు కట్టి,
ఆ తర్వాత భయపడ్డాను.

నల్లదాన్ని స్టాండుకు బిగించి ఎక్కమన్నాడు.
చక్రం తిరుగుతోంది, కొట్టు కదలడం లేదు.
అబద్ధమెందుకు, బాగుంది.
వీపు బల్లపరుపయింది.
అద్దంలో ఉన్నది నేను కాదు,
ఎవరో గురిచూసి విసిరిన వస్తువు.
బ్రేకులెక్కడ అని అడిగాను.
చేతులు తీసి పక్కకు తెస్తేగాని అందవు.
ఆ తీసి తెచ్చే అరక్షణం
నాకు బాగా తెలుసు.

నేను ఎక్స్-రే తీస్తాను.
శనివారం పొద్దుటి కాలర్ బోన్లన్నీ నావే.
సైకిలు బట్టల్లోనే వస్తారు, మోచేయి పట్టుకుని,
మోకాళ్ళకు ఇసుక, మొహాన సిగ్గు.
"రౌండబౌట్ దగ్గర మేక," అంటారు.
"పక్కగాలి," అంటారు.
"కదలకండి," అంటాను.
తెర మీద ఆ సన్నటి ఎముక
విరిగిన సుద్దముక్కలా తేలుతుంది.
ఏ బండి మీంచి పడిందో అది చెప్పదు.
ఎంత జోరుమీద పడిందో చెబుతుంది.

తాడిపత్రిలో దస్తగిరి అద్దెకిచ్చే సైకిళ్ళు
గంటకు రూపాయి.
సీటు అందక కమ్మీ కింద కాలు దూర్చి తొక్కేదాన్ని.
ఏది కావాలి అని అప్పుడెవరూ అడగలేదు.
ఖాళీగా ఉన్నదే నాది.

జువైరియాకు ఫోన్ చేశాను. మా శుక్రవారం గుంపుకు ఆమే పెద్ద.
"నల్లది కొంటే చివర్లో ఒక్కదానివే రావాలి," అంది.
"బ్రేకు మీద చెయ్యి లేని మనిషి వెనక
ఎవరు నమ్మి తొక్కుతారు చెప్పు?
పైగా అమరాత్ గుట్ట ఎక్కాలి మనం.
ముందు పడకుండా తిరగడం నేర్చుకో.
వాలడానికేం, కొమ్ములు తర్వాతైనా బిగించుకోవచ్చు."

నూట డెబ్బైకి మొదలై నూట నలభై ఐదుకు తెగింది వంకాయ రంగు.
కొత్త టేపు ఊరికే చుట్టాడు.

తెల్లారగట్ల, జువైరియా వెనక చక్రానికి మూరెడు దూరంలో నేను.
ఆమె వీపు చాటున గాలి లేదు.
గుంట వస్తే ముందున్న చెయ్యి చూపిస్తుంది,
నేను నా వెనకున్న వాళ్ళకు చూపిస్తాను,
వాళ్ళెవరో నాకింకా తెలియదు.
గుట్ట సగంలో గొలుసు జారింది.
నలుగురూ ఆగారు. ఒకరు ఖర్జూరం పెట్టారు.

తిరిగొస్తుంటే
ఊఁ అని ఒక చప్పుడు మమ్మల్ని దాటిపోయింది.
నల్లది.
రోణెల్ అప్పుడే అమ్మేసినట్టున్నాడు.
మెడ ఎత్తని ఆ మనిషి వెంట
మలుపు దాకా వెళ్ళొచ్చాయి నా కళ్ళు.
అసూయే, ఇంకో పేరెందుకు?

శనివారం డ్యూటీ.
తలుపు తెరుచుకున్నప్పుడల్లా
బూట్ల వైపు చూశాను.
మొదట వచ్చింది ఒక చిన్నపిల్ల,
మంచం మీంచి దూకిందట.
"కదలకు బంగారం," అన్నాను.
కదిలింది.